ఇరవై మూడో తప్పు

బిస్కెట్ల డబ్బా మళ్ళీ మోగింది.

అందులో మొత్తం ఐదు ఫోన్లు ఉన్నాయి. మాది ఉమ్మడి కాపురం కదా, ఫోన్లు కూడా ఉమ్మడిగానే బందీలయ్యాయి. పొద్దున ఎనిమిదింటికి బావగారు ఒక్కొక్కరి చేతిలోంచీ తీసుకుని డబ్బాలో వేసి, మూత బిగించి, ఫ్రిజ్ మీద పెట్టారు. ఏ ఫోను మోగినా రేకు డబ్బా మొత్తం వణుకుతుంది. వణుక్కుంటూ ఫ్రిజ్ అంచుకి జరుగుతుంది. నాకు నవ్వొచ్చింది. ఇది నవ్వే రోజు కాదని గుర్తొచ్చి పెదవి కొరుక్కున్నాను.

"ఎవరూ తీయకండి," అన్నారు బావగారు.

"డబ్బా పక్కనే నువ్వు కాపలా కాస్తుంటే ఎవరు తీస్తారురా?" అంది అత్తయ్య, దిండు గలీబుకి బొత్తాం కుడుతూ.

గేటుకి లోపలి నుంచి తాళం. తాళంచెవి బావగారి చొక్కా జేబులో. కిటికీలన్నిటికీ పరదాలు. గేటు బయట టీవీ కెమెరాల వాళ్ళు ముగ్గురు, స్కూటర్ల మీద కూర్చుని కునుకు తీస్తున్నారు. పాలప్యాకెట్లు కూడా గేటు బయటే ఉండిపోయాయి. వాటి కోసం తాళం తీస్తే కెమెరాలు లేస్తాయి. అందుకని పొద్దుటి నుంచీ అందరం నల్లటీ తాగుతున్నాం.

శుక్రవారం విడుదలైంది బావగారు డైరెక్ట్ చేసిన సినిమా. శనివారం ఎవరో పేరు లేకుండా ఇంటర్నెట్‌లో ఒక జాబితా పెట్టారు. పదకొండు నిమిషాల కారు ఛేజింగ్‌లో ఇరవై రెండు తప్పులు. ఆదివారానికల్లా హాల్లో జనం హీరోని వదిలేసి వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇవాళ సోమవారం.

"హీరో 'బ్రేకులు పట్టడం లేదు' అని అరుస్తాడు," బావగారు కాగితం చూసి చదువుతున్నారు. ఇది ఎన్నోసారో. "వెనక బ్రేకు లైట్లు ఎర్రగా వెలుగుతుంటాయి. కారు తిరగకముందే రోడ్డు మీద టైరు గీతలు ఉంటాయి. బానెట్ అద్దంలా మెరుస్తుంది, అందులో కెమెరామెన్ టోపీ. పగిలిన హెడ్‌లైటు బ్రిడ్జి దాటేసరికి అతుక్కుంటుంది." ఆయన తలెత్తారు. "ఏరా భూతద్దం, ఇవి నీకు కనపడలేదా?"

భూతద్దం అంటే మా ఆయన. సెట్లో అందరూ అలాగే పిలుస్తారు. ఆయన పని కంటిన్యుటీ. ఒక షాట్‌లో చొక్కా గుండీ ఊడితే తర్వాతి షాట్‌లోనూ ఊడే ఉందా అని కళ్ళల్లో వత్తులేసుకుని చూసి, పుస్తకంలో రాసుకోవడం. ఇంట్లో కూడా అంతే. పెళ్ళైన మూడో రోజున నా ఎడమ కనుబొమ్మలో తెల్లవెంట్రుక ఒకటుందని చెప్పారు. నాకు తెలియని నా వెంట్రుకని కనిపెట్టిన మనిషిని ఎలా ప్రేమించకుండా ఉండగలను?

ఆయన గోడకానుకుని నిలబడ్డారు. "కనపడలేదన్నయ్యా," అన్నారు.

అక్క, అంటే బావగారి భార్య, మా తోడికోడలు, వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ మాట విని లోపలికి వెళ్ళిపోయింది. లోపల గిన్నె ఏదో చప్పుడైంది.

"నాలుగింటికి ప్రొడ్యూసర్ గారొస్తున్నారు," అన్నారు బావగారు. "ఉత్తరం టైపు చేయించి తెస్తారు. కంటిన్యుటీ చూసినవాడి నిర్లక్ష్యం వల్ల ఇలా జరిగిందని. సంతకం పెట్టావంటే పేపర్లకిస్తారు, ఈ గోల ఆగుతుంది. ఆయన ఇస్తానన్న రెండో సినిమా చేతిలో ఉంటుంది. లేదంటే ఇంటిల్లిపాదీ రోడ్డు మీదే."

"మరి చిన్నోడి పని?" అంది అత్తయ్య.

బావగారు పరదా సర్దారు. సర్దడానికి అందులో ఏమీ లేదు.

"చిన్నోడి పని ఏమవుతుందిరా అని అడుగుతున్నా."

"సినిమా సంఘం కార్డు తీసేస్తారమ్మా," అన్నారు మా ఆయన నెమ్మదిగా. "ఇంకెవరూ పిలవరు. ఫరవాలేదు."

"ఫరవాలేదంట!" సూది గలీబులో గుచ్చేసింది అత్తయ్య. "మూడుసార్లు చూశాను ఆ సినిమా. నాకు ఒక్క తప్పూ కనపడలేదు. మీ ఇద్దరి పేర్లూ పడ్డాయి, అవే చూసుకున్నాను. కళ్ళు మరీ అంత బాగుండటం కూడా ఒక జబ్బే!"

*

మా గది తలుపు వేసి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"ఆ ఇరవై రెండూ బ్రిడ్జి మీద తీసిన షాట్లే," అన్నాను. "బ్రిడ్జి మీద తీసింది సోమవారం, పదహారో తేదీ. మన పెళ్ళి ఆదివారం, పదిహేను. పదహారున మీరు నాతో రైల్లో కిటికీ పక్కన కూర్చుని వేరుశెనగలు ఒలుస్తున్నారు. నాకు బాగా గుర్తు. మొత్తం నాకే పెట్టారు."

"రెండు నేను తిన్నాను."

"ఏమండీ!"

ఆయన మంచం మీద కూర్చున్నారు. "నేనొచ్చేదాకా బ్రిడ్జి షాట్లు తీయనన్నాడు అన్నయ్య. కానీ బ్రిడ్జి మూయడానికి ఆ ఒక్క రోజే అనుమతి దొరికింది. తీసేశాడు. పుస్తకం నాదే, పేరూ నాదే."

"మరి మీరు లేనప్పుడు చూసిందెవరు?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఏదైనా దాస్తే ఆయన చెవులు ఎర్రబడతాయి. నలభై రెండు రోజుల కాపురంలో నేను కనిపెట్టిన గొప్ప సంగతి ఇది. రోజూ ఏదో ఒక చిన్న విషయం దాచమని బతిమాలి మరీ చూస్తుంటాను.

ఇవాళ ఆ ఎరుపు చూస్తే ముద్దు రాలేదు, భయమేసింది.

"సెలవులో ఉన్నానని చెప్పండి. అంతే కదా."

"చెబితే తర్వాతి ప్రశ్న నువ్వడిగిందే. నా బదులు చూసిందెవరని. కార్డు లేనివాళ్ళని ఆ పనికి పెట్టకూడదు. పెట్టినట్టు తెలిస్తే సంఘం వాళ్ళు అన్నయ్య రెండో సినిమా మొదలే కానివ్వరు." ఆగి అన్నారు, "ఇంకొకటుంది. ఆ జాబితా చూశావా? మొదటి తప్పు సినిమాలో ఛేజింగ్ చివర వస్తుంది. రెండోది మధ్యలో. మూడోది మొదట్లో. ఎందుకలా?"

"చూసినవాళ్ళు గుర్తొచ్చినట్టు రాశారేమో."

"కాదు. అది సినిమాలో వచ్చే వరుస కాదు, ఆ షాట్లు మేము తీయాలనుకున్న వరుస. పొద్దుటి ఎండ కోసం చివరి షాట్ ముందు తీయాలని నేనే రాసిపెట్టి వెళ్ళాను. హాల్లో టికెట్ కొనుక్కున్నవాడికి ఆ వరుస తెలీదు. రాసిన మనిషి ఆ రోజు బ్రిడ్జి మీదే ఉన్నారు."

"ఎవరు?"

"వద్దు," అన్నారు. నాకేసి చూడకుండా నా జడ చివర పట్టుకుని, అందులో కట్టుకున్న నారింజరంగు రిబ్బన్ని వేలికి చుట్టుకున్నారు. "ఇది మాత్రం వాళ్ళు రాయలేదు. చూశావా?"

చూడకేం! అసలు నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు అదే.

సినిమాలో పరిగెత్తే నీలం కారు మా ఇంటి కారే. పెళ్ళి నుంచి నన్ను ఇంటికి తీసుకొచ్చిందీ అదే. ఆ రోజు వెనక తలుపు పిడికి వెండి అంచున్న నారింజ రిబ్బను కట్టారు. మర్నాడు బ్రిడ్జి మీద విప్పడం మర్చిపోయారు. సినిమాలో హీరో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోతుంటే, వెనక తలుపుకి నా పెళ్ళి రిబ్బను రెపరెపలాడుతూ ఉంటుంది! మొదటి ఆట చూస్తూ నేను చప్పట్లు కొట్టాను. ముందువరసలో పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. ఆ రాత్రే కారు డిక్కీలో వెతికి రిబ్బను తెచ్చుకున్నాను. అప్పటి నుంచీ రోజూ నా జడలోనే.

కెమెరామెన్ టోపీ నీడ పట్టుకున్న మనిషికి జానెడు పొడవున్న నా రిబ్బను ఎందుకు కనపడలేదు?

*

అక్క బంగాళాదుంపలు తరుగుతోంది. అప్పటికే తట్ట నిండింది. ఇంట్లో ఐదుగురమే. పదిమందికి సరిపడా తరిగేసింది.

"ఇంకో బస్తా తెమ్మంటావా అక్కా?"

నవ్వలేదు. ఈ ఇంట్లో నా జోకులకి మొదట నవ్వే మనిషి అక్క. నాకు స్నానాల గదిలో వేడినీళ్ళ కుళాయి ఎటు తిప్పాలో, బావగారు కోపంలో ఉంటే ఏ మెట్టు దగ్గర ఆగి వెనక్కి తిరగాలో నేర్పింది అక్కే.

"జడలో అది తీసెయ్యవే పిల్లా," అంది తలెత్తకుండా.

"ఏం? బాలేదా?"

"ప్రొడ్యూసర్ గారొస్తారు. తీసెయ్యి."

"ఆయనకేం తెలుస్తుంది? జాబితాలో కూడా లేదు కదా ఇది."

కత్తి ఆగింది.

ఒక్కసారిగా అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. పెళ్ళికి ముందు అక్క చేసిన పని కంటిన్యుటీయే. 'సార్, మీ చొక్కా రెండో గుండీ ఊడింది' అని డైరెక్టర్‌గా ఉన్న తనకే చెప్పిన పిల్లని బావగారు పెళ్ళి చేసుకున్నారని అత్తయ్య నాకు నాలుగుసార్లు చెప్పింది. పెళ్ళయ్యాక అక్క కార్డు రద్దయిపోయిందని కూడా చెప్పింది.

"అక్కా," అన్నాను. "ఆ రోజు బ్రిడ్జి మీద..."

"గట్టిగా అనకు."

"నువ్వా?"

అక్క చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. మళ్ళీ కడుక్కుంది.

"పొద్దున ఐదింటికి మీ బావగారు లేపారు. 'చిన్నోడు లేడు, నువ్వు రా, ఒక్క రోజే' అన్నారు. తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ ఆ పుస్తకం చేతిలోకొచ్చింది. ప్రతిదీ పట్టాను. బ్రేకు లైట్లు చెప్పాను. టైరు గీతలు చెప్పాను. టోపీ చెప్పాను. ఇరవై రెండుసార్లు వెళ్ళి చెప్పాను. ఇరవై రెండోసారి అందరి ముందూ ఏమన్నారో తెలుసా? 'నువ్వు రాసుకో చాలు, మాట్లాడకు. కారు పరిగెడుతుంటే అవన్నీ ఎవడు చూస్తాడు?'"

"అందుకని..."

"అందుకని, చూసేవాళ్ళుంటారని చూపించాను." గొంతు తగ్గించింది. "తిడితే డైరెక్టర్‌ని తిడతారనుకున్నాను. ఆయనొక్కసారి నా దగ్గరికొచ్చి 'నువ్వు చెప్పావు కదే' అంటారనుకున్నాను. అంతే నాక్కావలసింది. పుస్తకం మీద మరిది పేరుందన్న సంగతి... అన్నీ చూసినదాన్ని, అదొక్కటీ చూడలేదు."

బయట ఏదో బండి హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

"ఆయనకి తెలుసక్కా," అన్నాను. "ఆ వరుస చూసి పోల్చుకున్నారు. తెలిసే సంతకం పెడుతున్నారు."

అక్క స్టూలు మీద కూలబడింది. "తెలుసా?" అంది. "మరి నాకేసి చూస్తూనే టీ తాగాడు కదే పొద్దున. బాగుంది వదినా అన్నాడు."

"పాలు లేని టీని బాగుందన్నప్పుడే అనుమానించాల్సింది."

ఈసారి నవ్వింది. ఆ నవ్వు ఎటు తిరిగిందో, పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. నా మొగుడి అన్నం ముద్ద లాగేసిన మనిషి ఎదురుగా కూర్చుని ఏడుస్తోంది. కానీ ఆవిడ తల నా నడుముకి ఆనుకుని ఉంది. ఎటు కదిలినా ఎవరో ఒకరు పడిపోతారు. ఈ వంటింట్లో గట్టిగా ఊపిరి పీల్చుకునేంత చోటు కూడా లేనట్టనిపించింది.

"ఒక్కటి చెప్పక్కా," అన్నాను. "అంతా రాశావు. నా రిబ్బను ఎందుకు రాయలేదు?"

"అది కట్టింది నేనే," అంది. "పొద్దున బ్రిడ్జి మీద చూశాను, ఎగురుతోంది. వెళ్ళి విప్పాలి. అదే కదా నా పని. రెండడుగులు వేశాను. నువ్వు ముందురోజు కారు దిగుతూ దాన్ని చేత్తో నిమిరావు, అది గుర్తొచ్చింది. విప్పలేకపోయాను. ఆ తర్వాత తప్పుల్లో రాయడానికి చెయ్యి రాలేదు." కళ్ళు తుడుచుకుంది. "ఆ రోజు నేను చేసిన తప్పు నిజానికి అదొక్కటే."

నా జడ ముందుకేసుకుని ముడి విప్పింది. రిబ్బను మడిచి నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"ఇది చూస్తే పెళ్ళి గుర్తొస్తుంది. పెళ్ళి గుర్తొస్తే తేదీ అడుగుతారు. నీకు దణ్ణం పెడతా, దాచెయ్యి."

*

సరిగ్గా నాలుగింటికి గేటు తీశారు, ప్రొడ్యూసర్ గారి కారు లోపలికి రాగానే వేసేశారు. నేను వంటింటి కిటికీ పరదా సందులోంచి చూశాను. కెమెరాల వాళ్ళు కమ్మీల మధ్య నుంచి చేతులు పెట్టారు. బావగారు తాళం వేసి, లాగి చూసి, మళ్ళీ లాగి చూశారు.

నా చేతిలో రిబ్బను చెమటకి తడిసింది.

మాట్లాడితే అక్క పోతుంది. మాట్లాడకపోతే ఆయన పోతారు. ఆయనకోసం మాట్లాడదామంటే, వద్దన్నది ఆయనే. ఎటు తిప్పినా తెరుచుకోని కుళాయిలా ఉంది నా పరిస్థితి. మాట్లాడకూడదు, సరే. దాచడం మాత్రం నా వల్ల కాలేదు. అది నా పెళ్ళిది.

ట్రేలో ఐదు కప్పులు పెట్టాను. అక్క స్నానాల గదిలో మొహం కడుక్కుంటోంది. జడ ముందుకేసుకుని, రిబ్బను గట్టిగా ముడేసి, వెనక్కి వేసుకున్నాను.

హాల్లో ప్రొడ్యూసర్ గారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. లావుపాటి మనిషి, సన్నటి గొంతు. బల్ల మీద ఉత్తరం. ఉత్తరం మీద పెన్ను. పెన్ను మీద మా ఆయన చూపు.

"పాలు లేవండీ," అన్నాను కప్పు అందిస్తూ. "నల్లటీయే."

"మంచిదమ్మా, డాక్టరు కూడా అదే తాగమన్నాడు." ఒక గుక్క తాగి మొహం చిట్లించారు. "చూడండి, నాకెవరి మీదా పగ లేదు. ఎవరో ఒకరు తప్పయిందని చెబితే చాలు, జనం ఊరుకుంటారు. పెట్టవయ్యా భూతద్దం."

మా ఆయన పెన్ను తీసుకున్నారు.

"అన్నట్టు, ఇరవై రెండు కాదు," అన్నారు ప్రొడ్యూసర్ గారు, జేబులోంచి ఫొటో ఒకటి తీస్తూ. "మా ఆవిడ ఇరవై మూడోది పట్టుకుంది. చెప్పి చెప్పి నా బుర్ర తినేసింది. ఛేజింగ్ కారుకి రిబ్బను ఎందుకుందండీ అంటుంది! నారింజరంగు, వెండి అంచు. నేనూ అదే అడుగుతున్నాను, ఎందుకుంది?"

నేను ఖాళీ ట్రే పట్టుకుని వంటింటి వైపు తిరిగాను.

"ఆగమ్మా," అన్నారాయన.

ఆగాను. ఆయన చూపు నా వీపు మీద, జడ పొడవునా దిగి, ముడి దగ్గర ఆగినట్టు నాకు తెలుస్తూనే ఉంది.

"నీ పెళ్ళి ఎప్పుడయింది?"

"ఎనిమిదో తేదీనండీ," అన్నారు మా ఆయన.

టేకు నంబరుతో సహా ఏ షాట్ తీసిన తేదీ అడిగినా చెప్పే మనిషి, తన పెళ్ళి తేదీ తప్పు చెప్పారు.

"పెళ్ళయిన వారానికి కూడా విప్పని మతిమరుపు నాదే," అన్నారు మళ్ళీ, తొందరగా. "బ్రిడ్జి మీద నేనున్నాను. చూసుకోలేదు. అది కూడా ఉత్తరంలో రాయించండి." ఆయన చెవులు ఎర్రగా మండుతున్నాయి. ఈ గదిలో ఆ ఎరుపుకి అర్థం తెలిసింది నాకొక్కదానికే.

బావగారు గోడకేసి చూస్తున్నారు. అత్తయ్య సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఎక్కడం లేదు.

"ఎనిమిదేనా అమ్మా?" అని ప్రొడ్యూసర్ గారు నన్నడిగారు.

మా ఆయన నాకేసి చూశారు. ఆ చూపు నేనెరుగుదును. సెట్లో షాటుకీ షాటుకీ మధ్య ఆయన నటుల్ని అలాగే చూస్తారట. కప్పు ఇందాక ఏ చేతిలో ఉందో అదే చేతిలో ఉండాలి. ఇందాక ఏ తేదీ చెప్పారో నేనూ అదే చెప్పాలి. కలపమని బతిమాలుతున్నారు.

నోరు తెరిచాను. ఎనిమిది అన్న మాట నాలుక చివర ఉంది. పదిహేను కూడా అక్కడే ఉంది.

వెనక నుంచి తడిచేతులు నా జడ పట్టుకున్నాయి. అక్క. ఎప్పుడొచ్చిందో తెలీదు. ముడి రెండోసారి విప్పింది, నెమ్మదిగా, వెంట్రుక లాగకుండా.

ఈసారి నా చేతిలో పెట్టలేదు. బల్ల దగ్గరికి నడిచి, ఉత్తరం మీద, సంతకం పెట్టాల్సిన చోట పెట్టింది.

"మీరన్నట్టే రాసుకున్నానండీ," అంది బావగారికేసి చూస్తూ. "ఇక మాట్లాడనా?"

బావగారు దిగ్గున లేచారు. ఆ ఊపులో గేటు తాళంచెవి జేబులోంచి జారి నేల మీద పడింది. ఫ్రిజ్ మీద డబ్బా మళ్ళీ మోగడం మొదలుపెట్టింది.

తాళంచెవి నా కాలి దగ్గరే ఉంది.